బారో, లెండ్, ఓ: అప్పు మాటల్లో ఎవరు ఎటువైపు?

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెప్పుకుంటాను. మీది నరసన్నపేట. తెలుగు మాధ్యమంలో చదువుకుని, ఈ మధ్యే శ్రీకాకుళంలో బండ్లకు అప్పులిచ్చే ఒక ఫైనాన్స్ కార్యాలయంలో చేరారు. పై ఆఫీసుకు రాసిన మొదటి లేఖలో కస్టమరు మన దగ్గర రెండు లక్షలు ‘లెండ్’ చేశాడని రాస్తే అందరూ నవ్వారు. అప్పుకు సంబంధించిన ఇంగ్లీషు మాటల పట్టిక ఒకటి ఇవ్వమంటున్నారు. చివరలో ఇంకో మాట చేర్చారు: మీ నాన్నగారి తోట అప్పు గురించి బ్యాంకు నుంచి వచ్చిన ఉత్తరంలో ‘రిటెన్ ఆఫ్’ అని ఉంది, అంటే ఇక కట్టనక్కర్లేదా అని. నా లెక్కలో మీ ప్రశ్నలో అసలైనది ఆ చివరి మాటే. దానికి వస్తాను.

నవ్విన వాళ్లను వదిలేయండి అమ్మా. 1983లో టెక్కలిలో ఒక బ్యాంకు శాఖలో గుమస్తాగా చేరిన మూడో వారంలో నేనూ ఇదే తప్పు చేశాను. జీడితోట ఖర్చులకు ఐదు వేలు తీసుకున్న రైతు గురించి పైకి రాస్తూ ‘ద పార్టీ హాజ్ లెంట్’ అని మొదలుపెట్టాను. మా మేనేజరు గారు ఆ ‘లెంట్’ చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, పక్కన తెలుగులో ‘అయితే మనం ఈయనకు ఎప్పుడు కడుతున్నాం?’ అని రాసి నా బల్ల మీదికి పంపారు. ఆ కాగితం చాలా ఏళ్లు దాచుకున్నాను.

పట్టిక ఇవ్వను. పట్టిక బట్టీపడితే పరీక్షలో మార్కులు వస్తాయి కానీ, లేఖ రాసేటప్పుడు మళ్లీ మాట తిరగబడుతుంది. ఎందుకు తిరగబడుతుందో తెలిస్తే చాలు.

తెలుగులో ‘అప్పు’ ఒక్కటే మాట. అప్పు ఇస్తాం, అప్పు తెస్తాం, అప్పు చేస్తాం, అప్పు పడతాం, అప్పు తీరుస్తాం. ఊళ్లో ఎవరూ నమ్మకపోతే అప్పు పుట్టదు కూడా. డబ్బు ఎటు నుంచి ఎటు వెళ్లిందో చెప్పే పని అంతా క్రియదే. ఇంగ్లీషు అలా కాకుండా, ఇచ్చేవాడి వైపు నిలబడి ఒక మాట, తీసుకునేవాడి వైపు నిలబడి ఇంకో మాట పెట్టుకుంది. డబ్బు ఇచ్చినవాడు లెండ్ చేస్తాడు, తీసుకున్నవాడు బారో చేస్తాడు. అదే డబ్బు, అదే క్షణం, అదే బల్ల. కానీ బల్లకు అటువైపు ఉన్నవాడి మాట వేరు, ఇటువైపు ఉన్నవాడి మాట వేరు. మనం తెలుగులో ‘అప్పు’ అని అనుకుని, దానికి మనసులో మొదట తట్టిన ఇంగ్లీషు మాట తగిలిస్తాం. అక్కడే తిరగబడుతుంది. కాబట్టి మాట కోసం వెతికే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ వాక్యంలో కర్త బల్లకు ఏ వైపు కూర్చున్నాడు? మీ ఫైనాన్స్ లెండర్, మీ కస్టమరు బారోవర్. ఇది మన భాషకు మాత్రమే ఉన్న ఇబ్బంది అనుకోకండి. ఇంగ్లీషుకు దగ్గరి చుట్టమైన జర్మన్‌లో ‘బోర్గెన్’ అనే ఒకే క్రియ ఇవ్వడానికీ తీసుకోవడానికీ రెంటికీ నడుస్తుంది. పాత ఇంగ్లీషులో ‘బోర్గ్’ అంటే హామీ, కుదువ. హామీ పెట్టి తెచ్చుకోవడమే బారో అయింది.

‘లోన్’ విషయంలో పెద్ద చిక్కు లేదు, అది నామవాచకం. అమెరికా వాళ్లు దాన్ని క్రియగానూ వాడతారు. మీరు లేఖల్లో వాడకండి, లెండ్ చాలు.

ఇక ‘ఓ’. ఇదే మన వాళ్లను ఎక్కువగా తికమక పెట్టేది. నేను ఆయనకు పదివేలు బాకీ ఉన్నాను అనడానికి ఇంగ్లీషులో ‘ఐ ఓ హిమ్ టెన్ థౌజండ్’. మధ్యలో ‘టు’ అక్కర్లేదు. ‘ఐ యామ్ ఓయింగ్’ అని కూడా రాయకండి. బాకీ ఉండటం ఒక స్థితి, జరుగుతున్న పని కాదు. మనం కూడా ‘బాకీ ఉన్నాను’ అంటాం గానీ ‘బాకీ ఉంటున్నాను’ అనం కదా. తెలుగులో రెండోవైపు నుంచి చెప్పాలంటే ‘ఆయన నాకు ఇవ్వాలి’ అంటే సరిపోతుంది. అప్పు అనే మాట కూడా రాకుండానే ఆ ‘ఇవ్వాలి’లో బాకీ అంతా ఉంటుంది. చిత్రమేమిటంటే ఇంగ్లీషులోనూ ఇదే జరిగింది. ‘చేయాలి’ అనే అర్థంలో వాడే ‘ఆట్ టు’ ఉంది చూశారా, అది ఒకప్పుడు ‘ఓ’కు భూతకాల రూపం. బాకీ నుంచి బాధ్యత పుట్టింది. సొంతం అని చెప్పే ‘ఓన్’ కూడా ఆ కుదుట్లోదే. ఒకే పాత మాట నుంచి ఒక కొమ్మ ‘నా సొంతం’ అయింది, ఇంకో కొమ్మ ‘నా నెత్తిన బాకీ’ అయింది. పలికేటప్పుడు ఈ రెండింటికీ తేడా చూపండి. ‘ఐ ఓన్ ద వెహికిల్’ అనవలసిన చోట ‘ఓ’ అని వినిపిస్తే మీ కస్టమరు బండే బాకీ పడినట్టుంటుంది.

పలుకుబడి మాట వచ్చింది కాబట్టి: అప్పు అనే అర్థం ఉన్న డెట్‌లో ‘బి’ రాయాలి, పలకకూడదు. ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు ఆ మాటలో ‘బి’ లేదు. తర్వాతి పండితులు దీని మూలం లాటిన్‌లో ‘డెబిటుమ్’ కదా అని అక్షరం తెచ్చి అతికించారు. జనం పాత పలుకే పలుకుతూ వచ్చారు. మార్గేజ్‌లో ‘టి’ కూడా అంతే, మన దగ్గర మార్టుగేజి అని స్థిరపడిపోయింది, తెలుగులో మాట్లాడేటప్పుడు అలాగే అనండి, ఎవరికీ నష్టం లేదు. ఆ మాటకు ఫ్రెంచిలో అర్థం ‘చచ్చిన కుదువ’. అప్పు తీరితే కుదువ చచ్చిపోతుంది, తీరకపోతే ఆస్తి మీద ఆశ చచ్చిపోతుంది.

ఇంగ్లీషు వాళ్లు లోన్‌ను ఉత్తర ఐరోపాలోని పాత నార్స్ భాష నుంచి, డెట్‌ను, మార్గేజ్‌ను ఫ్రెంచి నుంచి, దివాలాకు వాడే బ్యాంక్‌రప్ట్‌ను ఇటలీ నుంచి తెచ్చుకున్నారని నవ్వుకోనక్కర్లేదు. మన బాకీ, బకాయి, అసలు, జమ, వసూలు, జామీను అన్నీ అరబ్బీ నుంచి పారసీ, ఉర్దూల మీదుగా వచ్చినవి. వడ్డీ సంస్కృతంలోని వృద్ధి ప్రాకృతంలో అరిగిపోయి మన చేతికి వచ్చింది. అప్పు గురించి మాట్లాడుకునే మాటల్లో సగం అప్పు తెచ్చుకున్నవే.

మీరు రోజూ వాడబోయే నాలుగు మాటల్ని కొంచెం నిదానంగా చూద్దాం. డ్యూ, ఓవర్‌డ్యూ, ఔట్‌స్టాండింగ్, ఎరియర్స్. మనం నాలుగింటినీ ‘బాకీ’ అనేస్తాం. ఒక కస్టమరు ఆటోకు రెండు లక్షలు తీసుకున్నాడు, 24 వాయిదాలు. పది కట్టాడు. పదకొండోది ఈ నెల ఐదున కట్టాలి, అది డ్యూ. ఐదు దాటింది, కట్టలేదు, అప్పుడు అదే ఓవర్‌డ్యూ. ఇలా రెండు మూడు నెలలు పేరుకుంటే ఆ కుప్పకు ఎరియర్స్ అని పేరు. మన ‘బకాయిలు’కు సరిగ్గా సరిపోయే మాట అదే. ఔట్‌స్టాండింగ్ మాత్రం వేరు. గడువు వచ్చినా రాకపోయినా ఇంకా తీరకుండా మిగిలి ఉన్న అప్పు మొత్తం అది. ఒక్క నెల తప్పిన మనిషికి లక్ష రూపాయల పైచిలుకు ఔట్‌స్టాండింగ్ అని సందేశం పంపితే ఆఫీసుకు వచ్చి తగువు పడతాడు, పడాలి కూడా. ఆయన మీకు వెంటనే కట్టవలసింది ఓవర్‌డ్యూ మాత్రమే. పలాస శాఖలో ఉన్నప్పుడు ఒక పెద్దాయన నోటీసు పట్టుకుని వచ్చి, ‘మా మనవడిని బడిలో ఔట్‌స్టాండింగ్ అని మెచ్చుకుని బహుమతి ఇచ్చారు, మీరేమో అదే మాటతో నన్ను బెదిరిస్తున్నారు’ అన్నాడు. ఆయన నవ్వుతూనే అన్నాడు కానీ, నోటీసు రాసింది నేనే, నాకు నవ్వు రాలేదు.

వడ్డీ దగ్గర ఇంకా పెద్ద గొయ్యి ఉంది. మన జిల్లాల్లో ఎవరిని అడిగినా ‘రెండు రూపాయల వడ్డీ’ అంటారు. నూటికి నెలకు రెండు రూపాయలని చిన్నపిల్లలకు కూడా తెలుసు. దాన్ని అలాగే ‘టూ రుపీస్ ఇంటరెస్ట్’ అని రాస్తే హైదరాబాదులోని తెలుగువాడికి అర్థమవుతుంది, ముంబయిలోని మీ పై అధికారికి అర్థం కాదు. ‘టూ పర్సెంట్’ అని రాస్తే అంతకన్నా ప్రమాదం, ఇంగ్లీషులో కాలం చెప్పని శాతాన్ని ఏడాదికే లెక్క కడతారు. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. మీరు 2 శాతం అన్నారంటే పన్నెండు వంతుల్లో ఒక్క వంతే చెప్పారు. పర్ మంత్ అనో, పర్ యానమ్ అనో తప్పకుండా చేర్చండి. డ్వాక్రా సంఘాల వాళ్లకు తెలిసిన పావలా వడ్డీని లెక్క వేసి చూడండి, నూటికి నెలకు పావలా, ఏడాదికి 3 శాతం. అసలును ఇంగ్లీషులో ప్రిన్సిపల్ అంటారు. బడి ప్రిన్సిపల్‌కూ ఇదే స్పెల్లింగు. సూత్రం అనే అర్థం ఉన్నదాని స్పెల్లింగు వేరు, కలపకండి. బారువడ్డీ సింపుల్, చక్రవడ్డీ కాంపౌండ్.

ఇంకొకటి, ఇది మీ ఉద్యోగానికి సంబంధించినది. బండ్ల అప్పుల్లో ‘ఫ్లాట్ రేట్’ అని ఒక మాట తిరుగుతుంది. లక్ష రూపాయలు, ఏడాది గడువు, 12 శాతం ఫ్లాట్ అంటే వడ్డీ 12,000 మొదటే కలిపేసి, 1,12,000ను పన్నెండు భాగాలు చేస్తారు. నెలకు 9,333 రూపాయలు. కానీ నెలనెలా అసలు తగ్గుతోంది కదా, వడ్డీ మాత్రం మొదటి రోజు ఉన్న లక్ష మీదే పడుతోంది. తగ్గుతున్న అసలు మీద లెక్క కడితే ఇది ఏడాదికి దాదాపు 21.5 శాతం. ఆ రెండో లెక్కకు ‘రెడ్యూసింగ్ బ్యాలెన్స్’ అని పేరు. కస్టమరు అడిగినప్పుడు రెండూ చెప్పండి. అడగకపోయినా చెప్పమని నా సలహా. మీ పైవాళ్లకు నచ్చకపోవచ్చు.

హామీ మాటల్లో మూడింటిని మన బంగారం, బండి, భూమి గుర్తుపెట్టుకుంటే విడదీయవచ్చు. బంగారం బ్యాంకు బీరువాలోకి వెళ్తుంది, వస్తువు అప్పిచ్చినవాడి చేతికి పోతుంది. అది ప్లెడ్జ్, మన తాకట్టు. బండి మీ కస్టమరు దగ్గరే తిరుగుతుంటుంది, ఆర్‌సీ కాగితంలో మాత్రం మీ కంపెనీ పేరు ఎక్కుతుంది. అది హైపోథికేషన్. దీనికి తెలుగులో మంచి మాట లేదు, పత్రికలు ఏదో ఒకటి వాడతాయి, నాకు ఏదీ రుచించలేదు. భూమి, ఇల్లు అయితే మార్గేజ్, తనఖా. ఇక్కడ ‘మార్గేజర్’, ‘మార్గేజీ’ అనే జంట దగ్గర జాగ్రత్త. అప్పు ఇచ్చేవాడు లెండర్ కదా, కాబట్టి మార్గేజర్ కూడా ఇచ్చేవాడే అనుకుంటారు. నిజంగా ఇచ్చేవాడే, కానీ ఇక్కడ ఇస్తున్నది డబ్బు కాదు, తనఖా. అంటే ఆస్తి పెట్టినవాడు, అప్పు తీసుకున్నవాడు. మార్గేజీ అంటే బ్యాంకు. మళ్లీ అదే సంగతి, బల్లకు ఏ వైపు.

షూరిటీ గురించి చెప్పకపోతే ఈ సమాధానం రాసి ప్రయోజనం లేదు. 1990ల్లో విజయనగరం గంటస్తంభానికి దగ్గరలోని శాఖలో ఉన్నాను. ఒక సైన్సు మాస్టారు వచ్చి నా ముందు కూర్చున్నారు. తోటి ఉపాధ్యాయుడు తీసుకున్న అప్పుకు తన జీతంలో కోత మొదలైందని కాగితం వచ్చింది.

“నేను సాక్షినే కదండీ, మేనేజరు గారూ? ఆయనా మా బడే కదా అని సంతకం పెట్టాను.”

ఫైలు తెప్పించి, నాలుగు పేజీల ఇంగ్లీషు పత్రంలో చివరి పేజీ తీసి ఆయన వైపు తిప్పాను. ఆకుపచ్చ సిరాతో చక్కని సంతకం. దాని కింద చిన్న అచ్చక్షరాల్లో ఒక మాట.

“మాస్టారూ, ఇక్కడ ఉన్నది విట్‌నెస్ కాదు, గ్యారంటర్.”

కళ్లజోడు సవరించుకుని ఆ మాటను అక్షరం అక్షరం కూడబలుక్కున్నారు. ఇంగ్లీషు రాని మనిషి కాదు. ఆ మాట తెలియని మనిషి కూడా కాదు. ఆ రోజు సంతకం పెట్టేటప్పుడు దాన్ని చూడలేదు, అంతే. సాక్షి బాధ్యత ఆ సంతకం తన ఎదుట జరిగిందని చెప్పడం వరకే. గ్యారంటర్, అంటే మన షూరిటీ, బాధ్యతలో అప్పు తీసుకున్నవాడితో సమానం. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ఈ సంగతిని చెబుతుంది. అప్పు తీసుకున్నవాడిని పూర్తిగా వెంటాడి, ఆయన దగ్గర ఏమీ లేదని తేలాకే షూరిటీ దగ్గరికి రావాలని చాలామంది నమ్ముతారు. అలాంటి నియమం లేదు. పత్రంలో ‘జాయింట్లీ అండ్ సెవరల్లీ’ అని కనిపిస్తే, అందరినీ కలిపి అడగవచ్చు, ఎవరో ఒక్కరిని పట్టుకుని మొత్తం కూడా అడగవచ్చు అని అర్థం. సెవరల్ అంటే ‘చాలా’ అని బడిలో నేర్చుకున్నాం, ఇక్కడ ‘విడివిడిగా’. మాస్టారు రెండేళ్లకు పైగా జీతంలోంచి కట్టారు. తర్వాత కూడా మా శాఖకు వచ్చేవారు, నా బల్ల దగ్గరికి మాత్రం రాలేదు.

నోటు సంగతి. మా నాన్నగారు రాజాంలో గోగునార వ్యాపారం చేసేవారు. ఇనప్పెట్టెలో ప్రామిసరీ నోట్ల కట్ట ఉండేది. మూడేళ్లు నిండబోయే ముందు, బాకీదారు ఎవరైనా పండక్కి ఇంటికి వస్తే, పదో పరకో తీసుకుని, నోటు తిప్పించి వెనుక జమ రాయించేవారు. పది రూపాయల కోసం ఈయనకు ఇంత ఆరాటమేమిటని చిన్నప్పుడు అనుకునేవాడిని. అడిగినప్పుడు చెల్లించే షరతుతో రాసిన నోటుకు దావా వేసే గడువు నోటు తేదీ నుంచి మూడేళ్లు. గడువు దాటితే కాలదోషం పడుతుంది, ఇంగ్లీషులో ‘టైమ్ బార్డ్’. మూడేళ్ల లోపల కొంత చెల్లించినట్టు బాకీదారు చేతిరాతో సంతకమో ఉంటే గడువు మళ్లీ మొదటి నుంచి నడుస్తుంది. 1963 కాలపరిమితి చట్టం చెప్పేది ఇదే. ‘పార్ట్ పేమెంట్ ఎండార్స్‌మెంట్’ అని పెద్ద పేరు ఉన్నది మా నాన్నగారి పది రూపాయలకే.

నోటుకూ ‘ఐ ఓ యూ’ చీటీకీ తేడా కూడా ఈ చోటే చెప్పుకోవాలి. ‘ఐ ఓ యూ’ అంటే ‘నేను నీకు బాకీ’ అనే వాక్యాన్ని మూడు అక్షరాలుగా కుదించిన చీటీ. 1881 నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం నాలుగో సెక్షన్ దాన్నే ఉదాహరణగా ఇచ్చి, ఇది ప్రామిసరీ నోటు కాదంటుంది. ఎందుకంటే అందులో బాకీ ఒప్పుకోలు ఉంది, చెల్లిస్తాననే మాట లేదు. ప్రామిస్ ఉంటేనే ప్రామిసరీ. చేబదులుకు చీటీ రాయించుకునేవారు ‘బాకీ ఉన్నాను’తో ఆపకుండా ‘మీరు కోరినప్పుడు చెల్లించగలవాడను’ అని రాయించుకోవడం ఊరికే కాదు.

ఇక తప్పుడు అనువాదాలు. డిఫాల్ట్‌ను పత్రికలు ‘ఎగవేత’ అని రాస్తాయి. నాకు ఒళ్లు మండుతుంది. డిఫాల్ట్ అంటే వాయిదా తప్పడం, అంతకు మించి ఏమీ కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన తీరం దాటి, ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టింది. కొబ్బరి చెట్టు మళ్లీ కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. ఆ రైతు వాయిదా తప్పితే అది డిఫాల్ట్ అవుతుంది, ఆయన ఎగవేతదారు అవుతాడా? కట్టగలిగి కట్టనివాడికి ఇంగ్లీషులో ‘విల్‌ఫుల్’ అని వేరే విశేషణం తగిలించి చెబుతారు. ఎగవేత అనే మాట వాడికోసమే ఉంచండి. మీ లేఖల్లోనూ వాయిదా తప్పిన ప్రతి మనిషినీ డిఫాల్టర్ అని పిలవకండి, ‘ఇన్‌స్టాల్‌మెంట్ ఈజ్ ఓవర్‌డ్యూ’ అంటే వాయిదా గురించి చెప్పినట్టు ఉంటుంది, మనిషి మీద ముద్ర వేసినట్టు ఉండదు. తెలుగులో ‘మీరు కట్టలేదు’ అనడానికీ ‘మీ వాయిదా ఇంకా జమ కాలేదు’ అనడానికీ ఎంత తేడా ఉందో, అంత. అన్నట్టు, గడువు దాటిన అప్పుల కోసం ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోను చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022లో వసూలు ఏజెంట్ల విషయంలో చెప్పింది. ఏ మాట వాడాలనే దానికన్నా ముందు గడియారం చూసుకోవాలి.

‘ఫోర్‌క్లోజర్’ మరో రకం. మన దేశంలో బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు ఈ మాటను గడువుకు ముందే అప్పంతా కట్టేసి ఖాతా మూయడానికి వాడతాయి. అంటే శుభవార్త. అమెరికాలో అదే మాట అంటే ఇల్లు బ్యాంకు పాలైందని. మన ఆస్తి బదిలీ చట్టంలో కూడా ఫోర్‌క్లోజర్ అంటే తనఖా విడిపించుకునే హక్కును కోర్టు ద్వారా మూసేయడమే. అమెరికాలో ఉన్న మేనమామకు ‘మా ఇంటి అప్పు ఫోర్‌క్లోజ్ అయింది’ అని సంతోషంగా సందేశం పెడితే ఆయన కంగారుగా ఫోను చేస్తాడు. ‘ప్రీక్లోజర్’ అనండి, గొడవ లేదు.

మారటోరియం 2020లో అందరి నోటా నలిగింది. మార్చి నుంచి ఆగస్టు చివరి దాకా వాయిదాలు ఆపుకునే వెసులుబాటు అది. చాలామంది ఆ ఆరు నెలల వాయిదాలు రద్దయ్యాయని అనుకున్నారు. మారటోరియం లాటిన్‌లో ఆలస్యం అనే మాట నుంచి వచ్చింది. కట్టడం ఆగింది, వడ్డీ ఆగలేదు. ఆ తేడా తెలియక తర్వాత వచ్చిన లెక్క చూసి బ్యాంకుల ముందు గుమిగూడిన వాళ్లను చూశాను.

‘సెటిల్డ్’ కూడా తియ్యగా వినిపించే మాటే. మన రిజిస్ట్రారు ఆఫీసులో సెటిల్‌మెంట్ అంటే కుటుంబంలో ఆస్తి రాసివ్వడం. అప్పుల్లో సెటిల్‌మెంట్ అంటే ఇవ్వాల్సిన దానికన్నా తక్కువకు ఒప్పుకుని వదిలేయడం. మీ కస్టమరు క్రెడిట్ రిపోర్టులో ‘క్లోజ్డ్’ అని ఉంటే మొత్తం కట్టాడని. ‘సెటిల్డ్’ అని ఉంటే కొంత ఎగిరిపోయిందని, తర్వాత అప్పిచ్చేవాడు దాన్ని చూసి వెనుకాడతాడు. పూర్తిగా కట్టిన మనిషి పేరు పక్కన మీ కంప్యూటరులో పొరపాటున సెటిల్డ్ అని కొట్టకండి. ఆ ఒక్క మాట ఆయనను ఏళ్ల తరబడి వెంటాడుతుంది.

‘ఐపీ పెట్టాడు’ అనే మాట మీరు వినే ఉంటారు. అది ఇంగ్లీషే. ఇన్‌సాల్వెన్సీ పిటిషన్ అనే రెండు మాటల మొదటి అక్షరాలు. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కింద కోర్టుకు వెళ్లి ‘నా ఆస్తి నా అప్పులకు చాలదు’ అని చెప్పుకోవడం. మన ఊళ్లలో అది తిట్టుగా స్థిరపడింది గానీ, ఇంగ్లీషులో అది చట్టంలోని మాట మాత్రమే.

ఇప్పుడు మీ నాన్నగారి ఉత్తరం. రైట్ ఆఫ్, వేవ్ ఆఫ్ రెండింటినీ మన పత్రికలు చాలాసార్లు ‘రుణమాఫీ’ అనే రాస్తాయి. ఫలానా ఏడాది బ్యాంకులు ఇన్ని వేల కోట్లు మాఫీ చేశాయని శీర్షిక వస్తుంది, ఊళ్లో రైతు మా అప్పు కూడా పోయిందనుకుంటాడు. రెండూ వేర్వేరు. వేవర్ అంటే మాఫీ, అప్పు తీసుకున్నవాడి నెత్తి మీద భారం పోతుంది. 2008 కేంద్ర పథకం పేరులో ‘వేవర్’, ‘రిలీఫ్’ అని రెండు మాటలూ ఉండటానికి కారణం ఉంది. రెండు హెక్టార్ల లోపు రైతులకు అర్హత ఉన్న అప్పు మొత్తం వేవర్. మిగతా వాళ్లకు 75 శాతం కడితే 25 శాతం తగ్గించే రిలీఫ్. రైట్ ఆఫ్ అంటే బ్యాంకు తన ఖాతా పుస్తకంలో, ఇది ఎలాగూ రాదని ఆస్తుల పద్దు నుంచి తీసేసుకోవడం. అది బ్యాంకు ఇంటి లెక్క. బల్లకు మీ వైపున ఏమీ మారదు. వసూలు చేసుకునే హక్కు బ్యాంకుకు అలాగే ఉంటుంది, తనఖా అలాగే ఉంటుంది. ఉత్తరాన్ని మళ్లీ చదవండి. ఎక్కడో ఒక మూల ‘వితవుట్ ప్రెజుడిస్’ అని ఉంటుందేమో చూడండి. మా హక్కులకు భంగం లేకుండా అని దాని అర్థం.

కాబట్టి ఊరుకోవద్దు, భయపడనూ వద్దు. రైట్ ఆఫ్ చేసిన ఖాతాల విషయంలో బ్యాంకులు మామూలుగా కొంత తగ్గించి ఒకేసారి కట్టించుకోవడానికి సిద్ధపడతాయి. ‘వన్ టైమ్ సెటిల్‌మెంట్’ అనేది అదే, పైన సెటిల్డ్ గురించి చెప్పింది గుర్తుంచుకుని బేరం ఆడండి. ఒప్పందం నోటి మాటగా వద్దు, కాగితం మీద తీసుకోండి. కట్టాక ‘నో డ్యూస్ సర్టిఫికెట్’ అడగండి. తోట దస్తావేజులు బ్యాంకులో ఉంటే, అప్పు తీరాక అసలు పత్రాలు తిరిగి అడిగి తీసుకోండి. ఇంటి అప్పులాంటి వ్యక్తిగత అప్పులకైతే పత్రాలు 30 రోజుల్లో ఇవ్వాలని, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం, 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉంది.

మొదట రాయవలసిన లేఖ చిన్నది. నాన్నగారి పేరు, ఖాతా నంబరు రాసి, ‘ప్లీజ్ స్టేట్ ద అమౌంట్ ఔట్‌స్టాండింగ్ యాజ్ ఆన్ డేట్’ అని ఒక్క వాక్యం చాలు. అందులో లెండ్ లేదు, బారో లేదు, తిరగబడే మాటే లేదు. మీరే రాయండి, నాన్నగారి చేత సంతకం పెట్టించండి. సంతకం కింద అచ్చయి ఏ మాట ఉందో మాత్రం ఒకసారి చూడండి.